402 మీటర్ల కోసం నాలుగు చక్రాలు: వీ-క్రాస్ ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 3

సికింద్రాబాదు రాణిగంజ్‌లో మాకు బోరు మోటార్ల దుకాణం ఉంది. వారానికి ఆరు రోజులు మోటార్లు, పైపులు, కేబుల్ చుట్టలు మోసే బండినే డ్రాగ్ రేసు పరుగుకు, అంటే తిన్నటి దారిలో ఆగిన చోటునుంచి గీతదాకా ఎంత త్వరగా వెళ్ళగలదో చూసే పరుగుకు, సిద్ధం చేయాలన్నది ఈ ప్రాజెక్టు. బండి 2018 నాటి ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్ ట్రక్కు: 2.5 లీటర్ల డీజిల్ ఇంజను, 134 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం), అయిదు గేర్లు. మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి, మీట తిప్పితే నాలుగూ లాగుతాయి.

పోయిన జనవరిలో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాసు ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు వెళ్ళాను. ట్రాకును ఒక పూటకు అద్దెకు తీసుకున్న బృందంలో నేనూ ఒకణ్ణి. 402 మీటర్లు, అంటే పావు మైలు, 19.31 సెకన్లలో పూర్తయింది. గీత దాటేటప్పుడు వేగం గంటకు 112 కిలోమీటర్లు. వీటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టిన అంకె ఇంకొకటి ఉంది. మొదటి అరవై అడుగులకు, అంటే 18.3 మీటర్లకు, 2.78 సెకన్లు పట్టింది.

తమ్ముడు పక్కనుంచి తీసిన వీడియోను నెమ్మదిగా నడిపి చూస్తే కారణం తెలిసిపోయింది. క్లచ్ వదలగానే వెనక టైరు ఉన్నచోటే ముప్పావు చుట్టు తిరిగింది. తరవాత నేలను పట్టి వదిలి, మళ్ళీ పట్టి వదిలి, ఇరుసు మొత్తం గెంతింది. వెనక ఇరుసు మీద బండి బరువు మోసే కమాను పట్టీలు మెలితిరిగి మళ్ళీ సర్దుకోవడం వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది.

మా మెకానిక్ అన్న ఇంజను ట్యూనింగ్ చేయిద్దామన్నాడు. "ఇంకో ముప్పై హార్స్‌పవర్ వస్తుంది తమ్మీ" అని ఉత్సాహపడ్డాడు. "అన్నా, ఉన్న 134నే నేలకు అందించలేకపోతున్నాం. ఇంకో ముప్పై తెస్తే అవి కూడా పొగలోనే పోతాయి కదా" అన్నాను. కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. అందుకని ఈసారి ఇంజను జోలికి పోవడం లేదు. టైర్లు, చక్రాలు మాత్రమే మారుస్తాం. ఏది ఎంత ఇచ్చిందో తెలియాలంటే ఒకసారి ఒక్కటే మార్చాలి.

ఒక మాట మొదట్లోనే రాసి పెట్టుకుంటున్నాను. ఔటర్ రింగ్ రోడ్డు మీద అర్ధరాత్రి ఒక్క పరుగు తీసి చూద్దామని నలుగురూ అంటారు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద పందెం నేరం. చట్టం అలా ఉంచినా, ఆ సమయంలో అదే రోడ్డు మీద కూరగాయల బండ్లు వస్తుంటాయి, కుటుంబాలు ఊళ్ళకు వెళ్తుంటాయి. ఈ బండి పరుగు ట్రాకు మీదే.

ఆగస్టు 11

బాలానగర్ వేబ్రిడ్జి మీద బండిని మూడుసార్లు తూయించాను: మొత్తం, ముందు ఇరుసు మాత్రమే, వెనక ఇరుసు మాత్రమే. నేను లోపల కూర్చుని ఉండగా మొత్తం 1980 కిలోలు. ముందు 1130, వెనక 850. అంటే లాగే చక్రాల మీద ఉన్నది మొత్తం బరువులో 43 శాతం. ఖాళీ పికప్ ట్రక్కుకు ఉన్న అసలు ఇబ్బంది ఇదే. కమాను పట్టీలేమో టన్ను బరువు మోయడానికి గట్టిగా ఉంటాయి, తొట్టిలో ఏమీ లేనప్పుడు టైరును నేలకు అదిమే బరువు ఉండదు.

ఇసుక బస్తాలు వేయమని చాలామంది సలహా ఇచ్చారు. ఆలోచించాను, వద్దనుకున్నాను. వంద కిలోలు వేస్తే బయలుదేరేటప్పుడు పట్టు కొంచెం పెరిగినా, ఆ వంద కిలోలనూ మిగిలిన 380 మీటర్లూ ఇంజనే మోయాలి. పైగా ట్రాకు దగ్గర తనిఖీలో తొట్టిలో వదులు వస్తువు ఏదీ ఉండనివ్వరు, అది సరైన నియమం కూడా.

ఇప్పుడున్న టైరు 255/65 ఆర్17, రోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే ఆల్ టెరైన్ రకం. మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. చివరిది రిమ్ము వ్యాసం అంగుళాల్లో. లెక్క వేస్తే టైరు మొత్తం ఎత్తు 763 మిల్లీమీటర్లు, ఒక చుట్టుకు దాదాపు 2.4 మీటర్లు. ఈ రెండు అంకెలూ దుకాణంలో నా బల్ల ముందున్న గోడమీద సుద్దతో రాశాను. రాబోయే నెలల్లో ఏ టైరు ఎదురైనా వీటితోనే పోల్చాలి.

ఆగస్టు 25

ఆదివారం రోజంతా దుకాణాలు తిరిగాం. మా బావమరిది మనసంతా ఇరవై అంగుళాల రిమ్ముల మీదే ఉంది. "బావా, బండి నిలబడితే చూడముచ్చటగా ఉండాలి" అంటాడు. నిజమే, అవి అందంగా ఉన్నాయి. కానీ రిమ్ము పెద్దదయ్యే కొద్దీ టైరు పక్క గోడ సన్నబడుతుంది. క్లచ్ వదిలిన క్షణంలో వచ్చే దెబ్బను మింగాల్సింది ఆ పక్క గోడే. అది మడత పడి సాగితే నేలకు ఆనే రబ్బరు పెరుగుతుంది. బిగుసుకుని ఉంటే దెబ్బ నేరుగా ఇరుసుకు వెళ్ళి గెంతడం మొదలవుతుంది. బరువు సంగతి సరేసరి. అక్కడే కాటా మీద పెట్టించాను: ఇరవై అంగుళాల రిమ్ము ఒక్కటే 15 కిలోలు తూగింది.

సాయంత్రం ఒక చోట డ్రాగ్ రేడియల్ టైర్లు, అంటే డ్రాగ్ రేసు కోసమే మెత్తటి రబ్బరుతో చేసేవి, రెండు ఉన్నాయని చెప్పి చూపించారు. చూడగానే గుండె ఝల్లుమంది, ఎందుకంటే ఇవి మన దగ్గర కంటపడటమే అరుదు. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం కొత్త టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో చేర్చింది. అప్పటినుంచి లైసెన్సు లేకుండా తెప్పించడం కుదరదు. మోకాళ్ళ మీద కూర్చుని టైరు పక్క గోడ మీద తయారీ తేదీ వెతికాను. చిన్న గుళిక ఆకారపు గడిలో నాలుగు అంకెలు: 2615. అంటే 2015లో 26వ వారం. తొమ్మిదేళ్ళ నాటి రబ్బరు. బొటనవేలి గోరు గట్టిగా నొక్కి తీశాను. మెత్తటి రబ్బరయితే గీత కాసేపు నిలవాలి. గీత పడనేలేదు. మా దగ్గరున్న గట్టిదనం కొలిచే మీటరు పెడితే 74 చూపింది; అంకె ఎంత ఎక్కువైతే రబ్బరు అంత గట్టి. లక్ష కిలోమీటర్లు తిరిగిన బండికున్న మా ఆల్ టెరైన్ టైరే 71. పేరులో రేసు ఉన్నంత మాత్రాన రబ్బరులో ఉండదు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

సెప్టెంబరు 8

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే పెద్ద నిర్ణయం ఈ రోజు తీసుకున్నాను. కాగితం మీద రెండు దారులు ఉన్నాయి. ఒకటి, వెనక రెండింటికి మాత్రమే పొట్టివి, మెత్తవి అయిన టైర్లు వేసి రెండు చక్రాలతో లాగించడం. రెండోది, నాలుగూ ఒకే కొలతవి వేసి నాలుగు చక్రాలతో బయలుదేరడం. వెనక పొట్టివి వేసి, నాలుగు చక్రాల మీటా వాడుకుందామని తమ్ముడి ఆలోచన. అది ఎందుకు కుదరదో గోడమీద లెక్క వేసి చూపించాను.

ఈ బండిలో ముందు ఇరుసుకు, వెనక ఇరుసుకు మధ్య డిఫరెన్షియల్, అంటే రెండింటినీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక, లేదు. మీట తిప్పగానే రెండు షాఫ్టులూ ఒకదానికొకటి కట్టేసినట్టు ఒకే వేగంతో తిరుగుతాయి. ముందు 255/65 ఆర్17 ఉంటే 402 మీటర్లలో అది 167.6 చుట్లు తిరగాలి. వెనక 225/65 ఆర్17 వేస్తే 176.7 చుట్లు తిరగాలి. తేడా తొమ్మిది చుట్లు. రెండూ ఒకే వేగంతో తిరిగి తీరాలి కాబట్టి ఆ తొమ్మిది చుట్లూ ఎక్కడో ఒకచోట టైరు నేలమీద రాసుకుని సరిపెట్టుకోవాలి, లేదంటే ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేసు (రెండు ఇరుసులకూ బలం పంచే గేర్ల పెట్టె) భరించాలి. తమ్ముడు అంకెలను రెండుసార్లు సరిచూసి, "అయితే నాలుగూ ఒకటే వేద్దాం అన్నా" అన్నాడు.

అసలు సిసలు డ్రాగ్ స్లిక్కులు, అంటే గాళ్ళు లేని రేసు టైర్లు, అందులోనూ లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఉండే బయాస్ ప్లై రకం, ఈ బండికి వద్దనడానికి ఇంకో కారణమూ ఉంది. వాటి పక్క గోడ చాలా మెత్తన. బయలుదేరేటప్పుడు అదే వరం. కానీ గీత దగ్గర గంటకు 110 దాటిన వేగంలో, ఇంత ఎత్తైన బండి కింద, ముందు మామూలు రేడియల్, వెనక బయాస్ ఉంటే బండి తోక ఊపినట్టు ఊగుతుంది. ట్రాకు చివర బ్రేకు వేసే చోట ఆ ఊపు నాకు అక్కర్లేదు.

పొడి తారు మీద నాలుగు చక్రాల మీట వాడవద్దని బండి పుస్తకంలో రాసి ఉంది. మలుపులో ముందు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాల్సి రావడమే అందుకు కారణం. కాబట్టి తిన్నగా ఉన్న 402 మీటర్లకే అది. గీత దాటి వేగం తగ్గగానే, మలుపుకు ముందే, మీట వెనక్కి తిప్పాలి. ఇది అలవాటయ్యేదాకా పక్కన తమ్ముడు గట్టిగా గుర్తు చేయాలని ఒప్పందం.

సెప్టెంబరు 29

కొలత ఖరారు: 235/65 ఆర్17. ఇది మహీంద్రా ఎక్స్‌యూవీ500కు వచ్చిన కొలతే కాబట్టి నగరంలో ఏ పెద్ద టైర్ల దుకాణంలోనైనా దొరుకుతుంది, పంక్చరయితే దారిలోనూ దొరుకుతుంది. మొత్తం ఎత్తు 737 మిల్లీమీటర్లు, పాతదానికంటే 26 తక్కువ. ఎత్తు మూడున్నర శాతం తగ్గితే నేలమీద లాగే బలం అంతే మేరకు పెరుగుతుంది. ఏమీ విప్పకుండానే ఇరుసు దగ్గరి ఫైనల్ గేరు కాస్త మార్చినట్టు లెక్క. స్పీడోమీటరు కూడా అదే మేరకు ఎక్కువ చూపుతుంది. ఇంకా పొట్టిది వేస్తే గేర్లు మరీ త్వరగా అయిపోయి, మార్చే ప్రతిసారీ సమయం పోతుంది.

వెడల్పు తగ్గిందేమిటని బావమరిదికి కోపం. రోడ్డు టైరులో పట్టు వెడల్పు కంటే రబ్బరు మిశ్రమం మీద, నేలకు ఎంత సమంగా ఆనిందన్న దానిమీద ఎక్కువ ఆధారపడుతుంది. ఆల్ టెరైన్ టైరులో లోతైన గాళ్ళ మధ్య రబ్బరు దిమ్మలు ఒత్తిడికి అటూ ఇటూ వంగుతాయి. హైవే రకంలో దిమ్మలు దగ్గర దగ్గరగా, గట్టి పక్కటెముకల్లా ఉంటాయి. అందుకే హైవే రకమే తీసుకున్నాను. పక్క గోడ మీద అరుగుదల అంకె 340. ఈ అంకె ఎంత తక్కువైతే రబ్బరు అంత మెత్తన, అంత త్వరగా అరుగుతుంది. గట్టిదనం మీటరు 63 చూపింది. తయారీ తేదీ ఈ సంవత్సరం 21వ వారం.

భారం సూచి 104, అంటే ఒక్కో టైరు 900 కిలోలు మోయగలదు. ఖాళీ బండికి ఇది పుష్కలం. మోటార్లు నింపుకుని వెళ్ళే రోజుల్లో మాత్రం పాత టైర్లే ఎక్కుతాయి. వాటి సూచి 110, ఒక్కోటి 1060 కిలోలు. ఈ తేడాను చిన్నచూపు చూడకూడదు.

అక్టోబరు 12

దసరా. ఆయుధ పూజకు బండి కడిగి, పాత చక్రాలకే పసుపు, కుంకుమ పెట్టాం. ఒక్కో టైరు కింద ఒక్కో నిమ్మకాయ. కొత్త రిమ్ములు ఇంకా రాలేదు.

అక్టోబరు 26

రిమ్ములు వచ్చాయి. వాడినవే, కానీ వంకర పోలేదు, పగుళ్ళు లేవు. 17 అంగుళాలు, వెడల్పు ఏడున్నర, ఆరు బోల్టులు, ఆ బోల్టుల వలయం వ్యాసం (పీసీడీ) 139.7 మిల్లీమీటర్లు. ఒక్కోటి 9.8 కిలోలు. టైరుతో కలిపి 22.9. పాత జత ఒక్కోటి 29.2. నాలుగింటికీ కలిపి పాతిక కిలోలు తగ్గాయి. తిరిగే బరువు, అందులోనూ అంచున ఉన్న బరువు, మామూలు బరువుకు దాదాపు రెట్టింపు లెక్కలోకి వస్తుంది. అయినా రెండు టన్నుల బండిలో ఇది రెండు శాతం చిల్లరే. తేలిక రిమ్ములు కొంటే చాలు, సెకన్లు రాలిపడతాయని ఎవరైనా అంటే నమ్మవద్దు.

ఆఫ్‌సెట్, అంటే రిమ్ము వెడల్పు మధ్యగీతకు, హబ్బుకు ఆనే ముఖానికి మధ్య దూరం, 30 మిల్లీమీటర్లు. పాత రిమ్ము వెనక అచ్చువేసిన అంకె 33. వెడల్పు కూడా అరంగుళం పెరిగింది కాబట్టి రిమ్ము బయటి అంచు తొమ్మిది మిల్లీమీటర్లు బయటికి, లోపలి అంచు మూడు మిల్లీమీటర్లు లోపలికి జరుగుతాయి. స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి చూశాం, ఎక్కడా తగలడం లేదు.

చిక్కు మధ్య రంధ్రం దగ్గర వచ్చింది. అది మా హబ్బు (ఇరుసు చివర చక్రం బిగించే భాగం) కంటే కొన్ని మిల్లీమీటర్లు పెద్దది. అలాగే బిగిస్తే చక్రం కేవలం బోల్టుల ఆధారంతో నిలుస్తుంది, కేంద్రం ఏమాత్రం తప్పినా వేగంలో వణుకుతుంది. బాలానగర్‌లో మాకు పంపు భాగాలు చేసిపెట్టే లేత్ మెషిన్ చాచా దగ్గరికి వెళ్ళాను. హబ్బు కొలత, రంధ్రం కొలత కాగితం మీద రాసిస్తే ఆయన దాన్ని పక్కన పెట్టి, తన వెర్నియర్‌తో మళ్ళీ కొలిచాడు. ఒక్కోదాన్ని మూడు చోట్ల. తరవాత అల్యూమినియం దిమ్మెను చక్కులో బిగించి రింగు తీయడం మొదలుపెట్టాడు. వెండి రంగు తీగలు చుట్టలు చుట్టలుగా ఆయన చెప్పుల దగ్గర పడుతున్నాయి. చివరి కోతలో పదో వంతు మిల్లీమీటరు మాత్రమే తీశాడు. రింగును రిమ్ములో పెట్టి అరచేత్తో ఒక్క తట్టు తడితే జారి కూర్చుంది. "ఊడదీయాలంటే మాత్రం చెక్క సుత్తి కావాలి బేటా" అన్నాడు.

నవంబరు 9

90 దాటితే స్టీరింగులో సన్నని వణుకు. బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించాం, పోలేదు. చివరికి నాలుగు చక్రాలూ విప్పితే ముందు కుడి హబ్బు మీద తుప్పు పొర ఉంది, దానివల్ల రింగు పూర్తిగా లోపలికి కూర్చోలేదు. చాచా హబ్బు చుట్టూ బొటనవేలు నెమ్మదిగా తిప్పి, ఒకచోట ఆగి, "ఇదిగో" అన్నాడు. నా వేలికి మొదట ఏమీ తగల్లేదు. మళ్ళీ తిప్పితే చిన్న గరుకు తెలిసింది. ఎమరీ కాగితంతో రుద్ది, తుడిచి, నట్లను ఎదురెదురు వరసలో టార్క్ రెంచితో బిగించాం. వణుకు మాయం. యాభై కిలోమీటర్ల తరవాత మళ్ళీ బిగింపు సరిచూశాం.

నవంబరు 24

గాలి ఎంత ఉండాలో తేల్చడానికి సుద్దముక్క చాలు. టైరు మీద అడ్డంగా లావుపాటి గీత గీసి, బండిని తిన్నగా పది మీటర్లు నడిపి చూడాలి. 35 పీఎస్ఐ పెట్టినప్పుడు మధ్యలో సుద్ద చెరిగి అంచుల్లో తెల్లగా మిగిలింది. అంటే నేలకు ఆనుతున్నది మధ్య భాగమే. వెనక చక్రాలకు 25 దగ్గర గీత ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒకేలా చెరిగింది. 22కు దించితే మధ్యలోనే సుద్ద మిగిలింది, అంచులు చెరిగిపోయాయి. బరువు ఎక్కువున్న ముందు చక్రాలకు 30 సరిపోయింది. ఇది ఖాళీ బండికి, ట్రాకు మీదికి మాత్రమే. ప్రయాణానికి పుస్తకంలో చెప్పినంత గాలి ఉండాల్సిందే, తక్కువ గాలితో హైవే మీద గంటలకొద్దీ నడిపితే టైరు వేడెక్కి లోపలి పొరలు విడిపోతాయి.

డిసెంబరు 15

షాద్‌నగర్ అవతల తెలిసినవాళ్ళ లేఅవుట్. ఇళ్ళింకా మొదలు కాలేదు, సీసీ రోడ్డు తిన్నగా ఉంది, గేటుకు తాళం. యజమాని అనుమతితో, దారికి రెండు చివరలా మనిషిని నిలబెట్టి, మొదటి 18.3 మీటర్లు మాత్రమే కొలిచాం. పాత టైర్లు, రెండు చక్రాలు: 2.76. కొత్త టైర్లు, రెండు చక్రాలు: 2.61. కొత్త టైర్లు, నాలుగు చక్రాలు: 2.45. ఇరుసు గెంతడం పూర్తిగా ఆగింది, ఎందుకంటే బలం ఇప్పుడు నాలుగు చోట్లకు పంచుకుంటోంది. మెకానిక్ అన్న స్టాప్‌వాచ్ ఉన్న పరికరాన్ని నా చేతిలోంచి తీసుకుని తనే మళ్ళీ చూసుకున్నాడు.

జనవరి 25

తెల్లవారుజామున మూడింటికి బయలుదేరాం. నార్కట్‌పల్లి, అద్దంకి మీదుగా ఒంగోలు, నెల్లూరు. రేసు చక్రాలు తొట్టిలో తాళ్ళతో కట్టి, పాతవాటి మీద ప్రయాణం. తడ దగ్గర శ్రీసిటీ బోర్డు కనబడగానే తమ్ముడు హారన్ కొట్టాడు. ఈ బండి పుట్టింది అక్కడి ఫ్యాక్టరీలోనే.

జనవరి 26

ఉదయం చక్రాలు మార్చాం. ఎండ ఎక్కే కొద్దీ గాలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ప్రతి పరుగుకు ముందూ కొలిచి 30, 25కు దించాం. వరసలో మా ముందున్న కార్లు నీళ్ళు చల్లిన చోట టైర్లు తిప్పి వేడి చేస్తున్నాయి. అది స్లిక్కులకు పనికొచ్చే పద్ధతి. గాళ్ళున్న టైరు ఆ నీళ్ళను గాళ్ళలో నింపుకుని బయలుదేరే గీతమీదికి మోసుకెళ్తుంది. మేం నీళ్ళను తప్పించి పక్కనుంచి వెళ్ళి, తడి గుడ్డతో టైర్ల దుమ్ము తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాం.

మొదటి పరుగు కావాలనే రెండు చక్రాలతో తీశాను: 18.84 సెకన్లు, గీత దగ్గర 114.6. రెండోది నాలుగు చక్రాలతో: 18.46 సెకన్లు, 113.8. మొదటి 18.3 మీటర్లకు 2.44. మూడోది: 18.49. నాలుగు చక్రాలు తిప్పడానికి కొంత శక్తి ఖర్చయి చివరి వేగం కొంచెం తగ్గింది. అయినా సమయం మెరుగైంది, ఎందుకంటే బయలుదేరేటప్పుడు గెలుచుకున్నది చివరిదాకా చేతిలోనే ఉంది. పోయినేడాది 19.31 మీద 0.85 సెకన్లు తగ్గాయి, ఇంజనులో ఒక్క మరకూడా తిప్పకుండా. రెండో పరుగు చీటీ చేతికి రాగానే తమ్ముడు నన్ను ఎత్తేశాడు. నాకు మాట రాలేదు.

జనవరి 28

రాత్రే ఇల్లు చేరాం. టైర్ల గాళ్ళ లోతు నాలుగు చోట్ల కొలిచి రాసుకున్నాను: ముందు 7.1 మిల్లీమీటర్లు, వెనక 6.8. వెనక ఎడమ టైరు లోపలి అంచులో అరుగుదల కాస్త ఎక్కువగా ఉంది. ఆ చక్రానికి గాలి ఒకటి పెంచి, వచ్చే వారం మళ్ళీ సుద్ద గీసి చూడాలి. ట్యూనింగ్ విషయం మెకానిక్ అన్నతో ఇప్పుడు కూర్చుని మాట్లాడవచ్చు. రేసు చక్రాలు నాలుగూ కడిగి, గోనెసంచి కప్పి దుకాణం వెనక గదిలో పెట్టాను. పాతవి ఎక్కించి, గాలి నింపి, పది గంటలకు మూడు మోటార్లతో చేవెళ్ళ బయలుదేరాను.